లేకిన్

మా ఇంట్లో ఒక భగవద్గీత కేసెట్ ఉంది. అట్ట మీద ఘంటసాల ఫొటో. లోపలి కేసెట్‌కి అంటించిన కాగితం గీకేసి, దాని మీద బాల్‌పెన్నుతో 'శ్లోకాలు' అని మామూ రాసిన అక్షరాలు. అది తీసి టేపురికార్డర్లో పెడితే శ్లోకం రాదు. డ్రమ్ము మోగుతుంది. కాస్సేపటికి పదహారేళ్ల కరాచీ పిల్ల ఉర్దూలో పాడటం మొదలుపెడుతుంది.

ఘంటసాల మీద గౌరవం లేక చేసిన పని కాదిది. ఆయన మా విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్న మనిషి. ఆయన పాటంటే మామూకి ప్రాణం. గడ్డం గీసుకుంటూ పాడుకునేది ఆ పాటలే. 1993 జనవరిలో మాత్రం మామూకి ఒక పెట్టె కావాల్సి వచ్చింది. ఎవరైనా ఇంట్లోకి వచ్చి చూసినా తెరవబుద్ధి కాని పెట్టె. ముస్లిం ఇంట్లో అల్మారాలో కనపడితే 'పర్వాలేదు, మంచోళ్లే' అనిపించే పెట్టె. ఆలోచించగా ఆయనకి అదొక్కటే తట్టింది. రికార్డింగ్ షాపులో ఖాళీ అట్ట అడిగి తెచ్చుకున్నాడు.

ఎందుకు దాచాల్సి వచ్చిందో చెప్పాలంటే ఆ కేసెట్ ఎక్కడ పుట్టిందో ముందు చెప్పాలి.

దాని పేరు 'డిస్కో దీవానే'. 1981లో వచ్చింది. అంతకు ముందేడు, 1980లో, 'ఖుర్బానీ' సినిమాలో జీనత్ అమన్ మీద తీసిన 'ఆప్ జైసా కోయీ' పాట దేశాన్ని ఊపేసింది. పాడింది నాజియా హసన్. కరాచీలో పుట్టి లండన్‌లో చదువుకుంటున్న పిల్ల. పాడించింది ఫిరోజ్ ఖాన్, బెంగుళూరులో పుట్టిన పఠాన్. బాణీ కట్టిన బిద్దూ కూడా బెంగుళూరు మనిషే, కొడగు కుటుంబం వాడు. 1960ల్లో ఇంగ్లండు వెళ్లిపోయి, 1974లో 'కుంగ్ ఫూ ఫైటింగ్' పాటతో ప్రపంచమంతా మోగించాడు. మాటలు రాసింది ఇందీవర్. ఆ పాటకి 1981లో నాజియాకి ఫిలింఫేర్ వాళ్లు ఉత్తమ గాయని అవార్డు ఇచ్చారు. అంతటితో ఆగకుండా బిద్దూ ఆమెనీ, ఆమె తమ్ముడు జోహెబ్‌నీ కూర్చోబెట్టి సినిమాతో పనిలేని పాటల రికార్డు ఒకటి చేశాడు. గజళ్లూ భక్తిపాటలూ తప్ప సినిమాలో లేని పాట ఎవరు కొంటారనుకునే రోజుల్లో అది ఇండియాలోనూ పాకిస్తాన్‌లోనూ ఇంటింటికీ పోయింది.

ఇప్పుడు చెప్పండి. బెంగుళూరు వాడు కట్టిన బాణీ, కరాచీ పిల్లల గొంతు, లండన్ చదువు, బొంబాయి పేరు. ఈ కేసెట్ ఏ దేశానిది?

మామూ 1982లో మూడు లాంతర్ల దగ్గర రికార్డింగ్ షాపులో ఖాళీ కేసెట్ ఇచ్చి, రెండ్రోజులు తిరిగి, రికార్డు చేయించుకొచ్చాడట. మేం అప్పటికి చంటిపిల్లలం. మాకు ఊహ తెలిసేసరికి ఆ కేసెట్ ఇంట్లో ఒక మనిషి. ఖాలూ దుబాయ్ నుంచి తెచ్చిన టూ-ఇన్-వన్‌లో, కరెంటు పోయిన రాత్రుళ్లు, డాబా మీద పరుపులేసుకుని వినేవాళ్లం. మేమూ, ఆపా, మామూ పిల్లలిద్దరూ. డిస్కో అనేది దీపాలు తిరిగే గదిలో ఎగిరేదని మాకు తెలీదు. మాకది చీకట్లో పడుకుని వినేది. గుండె పక్కన ఇంకో గుండె పెట్టినట్టు ఆగకుండా ఒకే దెబ్బ. దాని మీద పలచటి గొంతు, గొంతు పక్కనే దాని నీడలా మళ్లీ అదే గొంతు. బ్యాటరీలు అయిపోవచ్చేసరికి రీలు నెమ్మదించేది. పదహారేళ్ల పిల్ల మెల్లమెల్లగా పెద్దావిడైపోయేది. ఆపా గబుక్కున లేచి ఆపేసేది. ఆ గొంతంటే దానికి భయం.

చాలామందికి ఆ కేసెట్ అంటే ఒక్క పాట, పేరు పాట. పెళ్లిళ్లలో వేసేది అదే. మేం దాన్ని ఒక రాత్రిగా విన్నాం. 'ఆవో నా' అని పిలవడంతో మొదలవుతుంది. ఎగురుతారు. తర్వాత చీకటి చిక్కబడుతుంది. 'ధుంధ్లీ రాత్ మే' అని మసకరాత్రి పాట ఒకటుంది. అది వచ్చేసరికి మాలో చిన్నాడు నిద్రపోయేవాడు. మా కేసెట్లో చివరికి పేరు పాట బాణీ మళ్లీ వస్తుంది, గొంతు లేకుండా. అందరూ వెళ్లిపోయాక ఖాళీ పందిట్లో మైకు ఒక్కటే మోగుతున్నట్టుంటుంది. ఎవరూ దాన్ని విషాదం కేసెట్ అనలేదు. మాకు మాత్రం అదే అనిపించేది. ఎగిరే దెబ్బ మీద ఏడుపు మాట పెట్టడం అందులో ఉంది.

ముఖ్యంగా ఆ పాట. 'లేకిన్ మేరా దిల్'. కానీ నా గుండె. అన్నీ బాగానే ఉన్నాయి, కానీ గుండె ఏడుస్తోందని చెప్పే పాట. దరువు మాత్రం ఆగదు.

మా ఇంట్లో ఆ కేసెట్‌ని ఒప్పుకున్నవాళ్లు తక్కువ. నానీమా తస్బీ తిప్పుతూ 'బంద్ కర్ వో షైతాన్ కా డబ్బా' అని అరిచేది. ఆడపిల్ల గొంతు వీధిలోకి వినపడకూడదని ఆవిడ బాధ. మసీదులో అరబ్బీ అక్షరాలు చెప్పే ఉస్తాద్ ఒకసారి విని, ఇది ఉర్దూయేనా అన్నాడు. ఆయన లెక్కలో ఉర్దూ అంటే గాలిబ్, ఇక్బాల్. పెద్దల మాట, బరువైన మాట, మాకు సగం అర్థం కాని మాట.

మా ఉర్దూ సంగతి కొంచెం చెప్పాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మేం నూటికి ఒక్కరం కూడా లేం. హైదరాబాదు వాళ్లకి పేటలకి పేటలున్నాయి. మాకు ఊరికి ఒక వీధి, కొన్నిచోట్ల ఊరికి నాలుగిళ్లు. చరిత్ర చూస్తే అలా ఉండదు. శ్రీకాకుళం ఒకప్పుడు చికాకోల్. గోల్కొండ ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 17వ శతాబ్దంలో కట్టించిన జామియా మసీదు ఇప్పటికీ అక్కడుంది. ఆర్కాటు నవాబైన అన్వరుద్దీన్ ఖాన్ అంతకు ముందు చికాకోల్ ఫౌజుదారే. నవాబులు నవాబులతో పోయారు. మిగిలింది జట్కా తోలేవాళ్లం, సైకిల్ షాపువాళ్లం, దర్జీలం, గుమాస్తాలం. నవాబుల వాటా ఆస్తి మాకు రాలేదు. వాళ్ల వాటా కోపం మాత్రం వచ్చింది. ఊళ్లో బొబ్బిలి కథ బుర్రకథ చెప్తుంటే, హైదర్‌జంగు పేరు రాగానే ముందు వరసలో కూచున్న పిల్లలు వెనక్కి తిరిగి మా వైపు చూసేవాళ్లు. మేమూ తాండ్ర పాపారాయుడికే చప్పట్లు కొట్టేవాళ్లం. ఎవరి కంటా పడలేదది.

ఇక మా ఉర్దూ. హైదరాబాదు చుట్టాలు వస్తే పడిపడి నవ్వుతారు. 'నక్కో'ల మధ్య 'ఏటి'లు, 'గదా'లు దూరిపోయిన ఉర్దూ. లిపి చదవడం రాదు. ఉర్దూ బడి లేదు. తెలుగు మీడియంలో చదువుకున్నాం, గురజాడ మా ఊరివాడని గొప్పలు చెప్పుకున్నాం. అమ్మీతో పోట్లాడాలంటే ఉర్దూ, లెక్కలు చెయ్యాలంటే తెలుగు. ఇంటి భాషకి బయట ఎక్కడా చోటు లేదు. సినిమాల్లో ఉర్దూ వినపడితే అది విలన్ దగ్గరో, కోఠాలోనో. నమాజులో ఉన్నది అరబ్బీ, మాకు అర్థం కానిది. రేడియోలో గజల్ వస్తే అర్థం సగం మామూని అడగాలి.

నాజియా పాడిన ఉర్దూ మాకు పూర్తిగా అర్థమైంది. చిన్న మాటలు. ఆపా స్నేహితురాళ్లతో మాట్లాడే మాటలు. మా భాషలో మా ఈడు పిల్ల తనకి నిద్ర రావడం లేదని చెప్పుకోవచ్చని మేం మొదట విన్నది ఆ కేసెట్‌లోనే. భక్తికీ, పాండిత్యానికీ, నవాబుకీ చెందని ఉర్దూ. ఉస్తాద్‌కి అది తేలికగా కనపడటం నిజమే. తేలికైనది మాకు ఎవరిచ్చారు గనక?

పాకిస్తాన్‌లో మాత్రం ఆ పిల్లకి సుఖంగా ఉందా? అక్కడ 1977 నుంచి 1988 దాకా జియా ఉల్ హక్ మిలిటరీ పాలన. ఇస్లాం పేరు చెప్పి ఆడవాళ్ల మీద చట్టాలు తెచ్చిన కాలం. డిస్కో పాడే ఆడపిల్లని అక్కడి మౌల్వీలు మెచ్చుకుని ఉండరని ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. మా నానీమా లాంటి నానీమాలు కరాచీలోనూ ఉంటారు. మేం చిన్నప్పుడు ఇదేమీ ఎరుగం. పాకిస్తాన్ అంతా ఆమెలా పాడుతుందనుకునేవాళ్లం. మా వీధివాళ్లేమో పాకిస్తాన్ అంతా మాలా ఉంటుందనుకునేవారు.

1992 మార్చిలో ప్రపంచ కప్పు. 4వ తేదీన సిడ్నీలో ఇండియా పాకిస్తాన్‌ని ఓడించింది. మేం అబ్బా భుజాలెక్కి గంతులేశాం. 25న మెల్‌బోర్న్‌లో పాకిస్తాన్ ఇంగ్లండుని ఓడించి కప్పు గెలిచింది. మర్నాడు బళ్లో మా బెంచీవాడు, రోజూ మా కేరేజీలో చెయ్యి పెట్టేవాడు, 'మీవోళ్లు గెలిచినారు గదేటి, మిఠాయిలేవిరా' అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. చెడ్డవాడు కాదు. సాయంత్రం మేం డాబా ఎక్కి ఆ కేసెట్ పెట్టబోతే, అబ్బా మొదటిసారి 'సౌండు తగ్గించండి' అన్నాడు.

డిసెంబర్ 6 వచ్చింది. మా వీధిలో ఒక్క రాయి పడలేదు. ఆ మాట చెప్పి తీరాలి. పాలవాడు పాలు పోశాడు. కిరాణా కొట్టు శెట్టిగారు అప్పు రాశాడు. బాబామెట్ట ఖాదర్‌బాబా దర్గాకి ఎప్పట్లాగే మాకంటే హిందువులే ఎక్కువ పోయారు. ఎవరూ మమ్మల్ని ఏమీ అనలేదు. అందరూ కొంచెం ఎక్కువ మర్యాదగా మాట్లాడారు, అంతే. మర్యాద పెరిగితే భయం వేస్తుందని మాకు అప్పుడే తెలిసింది.

జనవరిలో ఒక మధ్యాహ్నం పక్కింటావిడ వచ్చింది. అమ్మీకి పురిటి రోజుల్లో నెలరోజులు అన్నం వండి పంపిన మనిషి. మేం ఆవిణ్ని అప్ప అనేవాళ్లం. గుమ్మంలో కూచుని, కొంగుతో ముఖం తుడుచుకుని, గొంతు తగ్గించి చెప్పింది.

'సూడమ్మా, మీరు మంచోళ్లే. గానీ ఆ పాకిస్తాను పాటలు ఏటికమ్మా ఇప్పుడు? ఎవుడేనా ఇంటే బాగోదు గదేటి. మీ మంచికే సెప్తన్నాను.'

మా మంచికే చెప్పింది. అందులో మాకు ఇప్పటికీ అనుమానం లేదు. అమ్మీ 'సరే అప్పా' అని టీ పెట్టిచ్చింది. రాత్రి మామూ కేసెట్ తీసుకెళ్లి, రెండు రోజుల తర్వాత ఘంటసాల అట్టలో తెచ్చాడు.

మీరు మంచోళ్లే, గానీ. ఆ 'గానీ' తర్వాత మేం ఎన్ని విన్నామో. బాగా చదువుతాడు గానీ సాయిబుల కుర్రాడు. ఇల్లు అద్దెకిద్దును గానీ మా వంటిల్లు పక్కనే ఉంది. తెలుగు మీకు ఇంత బాగా వచ్చునేటి, గానీ మీ పేరు... మాలో మేమూ తక్కువ తిన్నామా? పిల్ల చదువుతుంది గానీ పెళ్లి కావాలి. పాడుతుంది గానీ చుట్టాలేమంటారు. ఆ పాట పేరులో ఉన్న 'లేకిన్' మాకు సంగీతంలో వచ్చిన మాటలా ఎప్పుడూ వినపడలేదు. ఇంట్లోనూ బయటా మమ్మల్ని పిలిచే పేరులా వినపడింది. అన్నీ కలిసి ఎగురుతున్నప్పుడు దరువు కింద నుంచి ఒక్క మాట పైకి లేస్తుంది, అంతే, ఎగురుడు ఎగురుడే గానీ నువ్వు వేరైపోతావు. ఆ కేసెట్ ఇన్నేళ్లు మమ్మల్ని వదలకపోవడానికి కారణం అడిగితే, మేం చెప్పగలిగింది ఇది. మంచి పాటలు ఇంకా చాలా ఉన్నాయి, మంచి గొంతులూ ఉన్నాయి. నాజియాది శిక్షణ ఉన్న గొంతు కాదని సంగీతం తెలిసినవాళ్లు అంటారు. విజయనగరంలో పుట్టి ఆ మాట కాదంటామా? ఆ గొంతు పెద్దది కాకపోవడమే మాకు నచ్చింది. మేమూ పాడగలం అనిపించేది.

ఆపా పాడేది. పదిహేడో ఏట, 1993లోనే, దానికి శ్రీకాకుళం సంబంధం వచ్చింది. వెళ్లేటప్పుడు ఆ కేసెట్ సూట్‌కేసులో పెట్టుకుంది. రైలెక్కక ముందే తీసి మా చేతిలో పెట్టేసింది. 'అక్కడ వద్దు, మీ దగ్గరే ఉంచండి' అంది. ఆమదాలవలసలో శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగి, జట్కాలో వెళ్లేటప్పుడు బుర్ఖాలో ఏం పాడుకుందో మాకు తెలీదు. పెద్ద కష్టాల ఇల్లేమీ కాదది. పాట లేని ఇల్లు.

2000 ఆగస్టు 13న లండన్‌లో నాజియా చనిపోయింది. ఊపిరితిత్తుల కేన్సర్. ముప్ఫై అయిదేళ్లు. పాటలు మానేసి చాలాకాలమైంది. జోహెబ్‌తో కలిసి చివరిగా 'కెమెరా కెమెరా' 1992లో వచ్చింది. లా చదివింది, ఐక్యరాజ్యసమితిలో కొన్నాళ్లు పనిచేసింది. బ్యాటరీలు అయిపోయినప్పుడు మేం విన్న ఆ పెద్దావిడ గొంతు ఆమెకి ఎప్పటికీ రాలేదు.

అప్పటికి మేం ఒక తెలుగు పత్రికలో ట్రైనీలం. డెస్కులో ముస్లింలం మేం ఒక్కరమే. 14వ తేదీ రాత్రి, స్వాతంత్ర్య దినం పేజీలు పెడుతున్న హడావుడిలో ఏజెన్సీ వార్త చూశాం. అడక్కుండానే కూచుని నాలుగు పేరాలు రాశాం. బిద్దూ బెంగుళూరు వాడని రాశాం. ఫిలింఫేర్ సంగతి రాశాం. ఇక్కడి పిల్లలు డాబాల మీద ఎలా విన్నారో రాశాం. ఇన్‌చార్జి చదివి, మెచ్చుకున్నాడు కూడా. 'బాగా రాశారు, గానీ రేపు ఆగస్టు 15 కదండీ' అన్నాడు. నాలుగు పేరాలు నాలుగు లైన్లయ్యాయి. పైన శీర్షిక 'పాక్ గాయని మృతి'. లోపలి పేజీ, అడుగున.

మేం ఏమీ అనలేదు. అనాల్సింది. ఉద్యోగం కన్ఫర్మ్ కాలేదన్నది ఒక కారణం. అసలు కారణం, మేం గొంతు పెంచితే 'మీవోళ్ల గురించి అంత బాధేటి' అంటారని భయం. ఆ మాట ఎవరూ అనలేదు. మేమే మా చేత అనిపించుకుని మానేశాం. ఇరవై అయిదేళ్లుగా ఈ వృత్తిలో మేం కోసేసుకున్న వాక్యాలు ఎవరో కోసిన వాటికంటే ఎక్కువ. పొద్దున్న ఆపా శ్రీకాకుళం నుంచి ఎస్టీడీ బూత్‌లోంచి ఫోన్ చేసింది. నాలుగు లైన్లూ చదివిందట. 'నువ్వే రాశావా' అంది. కాదన్నాం. కాసేపు మాట్లాడలేదు. మీటరు తిరుగుతోందని పెట్టేసింది.

2012లో 'స్టూడెంట్ ఆఫ్ ది ఇయర్' సినిమాలో ఆ పేరు పాటని మళ్లీ చేశారు. దాంతో అది మా ఊరి పెళ్లిళ్లలోకి, కాలేజీ ఫంక్షన్లలోకి తిరిగొచ్చింది. కోట జంక్షన్ దగ్గర ఒక పెళ్లి ఊరేగింపులో డీజే వాడు దాన్నే వేశాడు. ఒకప్పుడు మమ్మల్ని మిఠాయిలడిగిన స్నేహితుడు, జుట్టు పల్చబడి, పొట్ట పెరిగి, దానికే ఎగురుతున్నాడు. ఎవరి పాటో వాడికి తెలీదు. చెప్పాలని నోటిదాకా వచ్చింది. పెళ్లిలో వాడి మొహం ఎలా మారుతుందో చూడటం ఇష్టం లేక ఊరుకున్నాం. తెలియకపోతే ఎగరొచ్చు, తెలిస్తే ఆలోచించాలి. దీన్ని సామరస్యం అని మెచ్చుకునేవాళ్లున్నారు. మాకు ఒప్పుకోబుద్ధి కాదు. పేరు చెరిపేశాక వచ్చే ప్రేమ మనిషికి చేరదు.

2025 మేలో, పహల్గాం హత్యల తర్వాత, పాకిస్తాన్ నుంచి వచ్చిన సినిమాలూ పాటలూ అందుబాటులో ఉంచొద్దని కేంద్రం ఓటీటీలకీ పాటల యాప్‌లకీ సూచన ఇచ్చింది. పహల్గాంలో ఆడవాళ్ల కళ్లముందు భర్తల్ని మతం అడిగి కాల్చినవాళ్ల మీద మాకు లేని కోపం ఇంకెవరికో ఉందని ఎవరూ అనుకోవద్దు. మా మతం పేరు చెప్పి చంపారు, కాబట్టి మా కోపం ఒక పాలు ఎక్కువే. ఆ కోపం కూడా రెండుసార్లు నిరూపించుకోవాల్సి వచ్చింది, ఒకసారి వాట్సాప్ గ్రూపులో, ఒకసారి ఆఫీసు కేంటీన్‌లో.

ఆ వారంలో మామూ ఫోన్ చేశాడు. డెబ్భైకి దగ్గరపడ్డ మనిషి, చెవులు సరిగా వినపడవు.

'కేసెట్ హై నా?'

'హై మామూ. గీతలోనే ఉంది.'

'చల్తా?'

టూ-ఇన్-వన్ బెల్టు తెగి ఏళ్లయింది. గంటస్తంభం దగ్గర టీవీలు బాగుచేసే ముసలాయన ఒకడు పాత మిషన్లోంచి బెల్టు తీసి వేసిచ్చాడు. రీలు వదులైతే పెన్సిలు పెట్టి తిప్పాం. ఆదివారం ఆపా కూడా వచ్చింది, మనవరాలిని వెంటేసుకుని. మామూని సోఫాలో కూచోబెట్టి, స్పీకరు ఆయన చెవి దగ్గర పెట్టాం. రీలు అక్కడక్కడా నలిగింది, గొంతు వణుకుతోంది, అయినా పాడింది. 'లేకిన్ మేరా దిల్' దగ్గర ఆపా పెదాలు కదిలాయి. ఒక్క మాట తప్పు పోలేదు. మనవరాలు అట్ట పట్టుకుని తిప్పి తిప్పి చూసి, 'నానీమా, ఈ తాతే పాడుతున్నాడా ఆడగొంతుతో' అంది. అందరం నవ్వాం.

నవ్వు ఆగాక అట్ట మార్చేద్దామన్నాం, మంచి అట్ట మీద ఉర్దూలోనూ తెలుగులోనూ పేరు రాసి పెడదామన్నాం. ఆపా సరే అంది. మామూకి వినపడలేదనుకున్నాం. ఆయన కేసెట్ తీసి, కొంగొత్త పిల్లాణ్ని పడుకోబెట్టినట్టు ఘంటసాల అట్టలో పెట్టి, టక్కుమని మూసి, మా చేతికిచ్చాడు.

'ఇప్పుడే నక్కో' అన్నాడు.